ఎర్రంచు టోపీ

ఎల్విరా వేసిన మొదటి పోస్టరు కసిమీరో తాత నెత్తి మీద టోపీ అయి కూర్చుంది.

ఆయన ఒక్కడే అయితే ముసలితనం అని సరిపెట్టుకునేది. ఆయన వెనక ఇంకో టోపీ. దాని వెనక మరోటి. ద్రాక్ష తోట పక్కన మట్టిరోడ్డు మీద సమ్మెవాళ్ళ వరస నడుస్తోంది. సగానికి సగం తలల మీద తన పోస్టరే కనపడింది ఆమెకి. వాననీళ్ళలో పిల్లలు వదిలే కాగితప్పడవని బోర్లించినట్టు, కొస ముందుకొకటి, వెనక్కొకటి.

ఆ పోస్టరు మీద ఉన్నది వాళ్ళమ్మ ముఖం.

"తాతా, తియ్యండి దాన్ని!"

"ఎండమ్మా," అన్నాడు కసిమీరో తాత నడుస్తూనే. ఆగితే దారికి అడ్డం నిలబడ్డారని షెరీఫు పోలీసులు బండెక్కిస్తారు. "తీస్తే నా బట్టతలకి ఎవరు జవాబు చెప్తారు? నువ్వా?"

వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. ఎల్విరా నవ్వలేదు. వెనక్కి తిరిగి, దుమ్ము రేగేలా అడుగులేసుకుంటూ షెడ్డుకి వెళ్ళిపోయింది.

ఒకప్పుడు టైర్లకి పంక్చర్లు వేసిన షెడ్డు అది. ఇప్పుడు అందులో పోస్టర్లు అచ్చవుతున్నాయి. పోస్టర్లు వేసేవాళ్ళంటే చాలామందికి గడ్డం పెంచిన మగవాడే కళ్ళముందుకి వస్తాడు. ఆ లోయ మొత్తానికి పోస్టర్లు వేసింది మాత్రం తోమాసా. పొట్టిగా, లావుగా ఉండేది. రెండు పాదాలకీ వాపు. మోచేతుల దాకా ఎరుపూ నలుపూ పట్టి, ఎంత తోమినా పోయేవి కావు. ఆమె తోమేదీ కాదు.

కాలిఫోర్నియాలో ద్రాక్ష కోసే కూలీలు సమ్మె కట్టిన కాలం. వాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళ బిడ్డలు. ఊళ్ళోవాళ్ళు తమని ఏ పేరు పెట్టి వెక్కిరించినా, మేం చికానోలం అని తలెత్తి చెప్పుకోవడం అప్పుడప్పుడే మొదలుపెట్టారు. పత్రికలు వాళ్ళవి కావు. రేడియో వాళ్ళది కాదు. గోడలున్నాయి, గోడల మీదికి తోమాసా ఉంది.

ఎల్విరా లోపలికి వచ్చేసరికి ఆమె పట్టుగుడ్డ బిగించిన చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, టర్పెంటాయిల్లో ముంచిన పీలికతో తుడుస్తోంది.

"మాయెస్త్రా, వాళ్ళు నా పోస్టర్లని టోపీలు చేసుకున్నారు."

మాయెస్త్రా అంటే వాళ్ళ స్పానిష్‌లో గురువమ్మ.

"ఎండ ఆగిందా?" అంది తోమాసా.

"నేను టోపీలు వెయ్యలేదు. మా అమ్మని వేశాను."

"చూశాను. ముక్కు బాగా కుదిరింది."

"మీకు కోపం రావడం లేదా?"

"ఎందుకు రాదు? నల్లరంగు డబ్బాకి మూత పెట్టమన్నాను. పెట్టలేదు. పైనంతా మీగడ కట్టింది."

ఎల్విరా వెళ్ళి డబ్బాకి మూత పెట్టింది. పెట్టిన మోత షెడ్డంతా వినపడింది.

ఆ పిల్ల కోపానికి కారణం ఉంది.

వాళ్ళమ్మ హెర్మీనియా ఆ తోటలోనే పనిచేస్తోంది. సమ్మెలోకి రాలేదు. తల్లీకూతుళ్ళు తోటవాళ్ళు ఇచ్చిన రేకుల గదిలో ఉండేవాళ్ళు. కూలి మానేస్తే గది ఖాళీ చెయ్యాలి. సమ్మె మొదలైన వారంలో ఎల్విరా తట్టా బుట్టా సర్దుకుంటుంటే తల్లి గుమ్మంలో నిలబడి చూసింది.

"సమ్మెని పెనం మీద వేసి కాల్చుకు తింటావా?"

"నువ్వూ రా అమ్మా."

"నేను సమ్మెలు చూశాను. రోడ్డు నిండా మొదలవుతాయి. నెల తిరిగేసరికి నలుగురు మిగులుతారు. ఆ నలుగురి సామాన్లూ వీధిలో ఉంటాయి." కూతురి సంచీలో రెండు రొట్టెలు కుక్కింది. "నెల దాటాక కూడా ఆ రోడ్డు మీద వరస నిండుగా కనపడితే, అప్పుడు చూద్దాం."

ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు.

ఎల్విరా తోమాసా దగ్గర చేరింది. వరసలో నడవమంటే మాత్రం రోడ్డు మీదికి వెళ్ళేది కాదు. వెళ్తే అవతల అమ్మ వంగి గుత్తులు కోస్తూ కనపడుతుంది. షెడ్డులోనే ఉండిపోయి పని నేర్చుకుంది. కాగితంలో అక్షరాలు కత్తిరించడం, కత్తిరించిన కాగితాన్ని చట్రం కింద అతికించడం, గుడ్డ మీద ఒక కొసన రంగు పోసి, రబ్బరు పట్టీ ఉన్న చెక్కతో ఒక్క ఊపున ఇవతలికి లాగడం. ఊపు మధ్యలో ఆగితే అక్కడ చార పడుతుంది. పత్రికలు అచ్చువేసేవాళ్ళు చుట్ట చివర మిగిలిందని పారేసే పల్చటి కాగితమే వాళ్ళకి కాగితం. ముందు ఎరుపు. అది ఆరాక నలుపు. షెడ్డు నిండా తీగలు, తీగల నిండా బట్టల క్లిప్పులు, క్లిప్పులకి పోస్టర్లు.

పని చేతికి తొందరగా వచ్చింది. కళ్ళకి మాత్రం ఒకటి మొదటిరోజు నుంచీ మింగుడుపడలేదు.

తోమాసా పోస్టర్లన్నీ ఒకటే తీరు. పై అంచున అడ్డంగా ఎర్రటి పట్టీ, దాంట్లో నల్లగా, లావుగా ఒకే మాట. వెల్గా. సమ్మె. మధ్యలో బొమ్మ. ఒకసారి కత్తెర పట్టుకున్న చేతులు, ఒకసారి కళ్ళూ మూతీ ఉన్న సూర్యుడు. కింది అంచున మళ్ళీ ఎర్ర పట్టీ, మళ్ళీ అదే మాట. ఆ కింది మాట మాత్రం తలకిందులుగా ఉంటుంది.

"ఇది తిరగబడింది మాయెస్త్రా," అంది ఎల్విరా మొదటిరోజు.

"ఆ డబ్బా ఇటివ్వు."

ఇంకోరోజు అడిగింది. ఇంకో డబ్బా ఇవ్వమంది.

పట్నం నుంచి పోస్టర్లు పట్టుకెళ్ళడానికి గడ్డం ఆయన ఒకడు వచ్చేవాడు. అక్కడ కళాకారుల సంఘం ఏదో నడుపుతున్నాడు. ఎల్విరా బొమ్మలు చూసి, ఆమెని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "నీ గీత ఆవిడ గీత కంటే పదును. ఆవిడకి చూపు తగ్గుతున్నట్టుంది. కింది అచ్చు తిరగేసి అంటిస్తోంది, ఎవరూ చెప్పలేక ఊరుకుంటున్నారు. నువ్వు వేస్తే అలా ఉండదులే."

ఉండలేదు మరి. తోమాసా "ఇక నీ పోస్టరు నువ్వు వెయ్యి" అన్న రోజున, ఎల్విరా అన్నీ సరిచేసింది. ఎర్ర పట్టీలు తీసేసింది. తల్లి ముఖం పెద్దగా గీసింది. నుదుటి మీద కట్టిన గుడ్డ, ఎండకి ముడుచుకున్న కనుకొసలు, ఏదో అనబోయి ఆపుకున్నట్టున్న పెదవులు. పైన ఆకాశంలా తెల్లగా వదిలేసింది. కింద, ముఖానికి దిగువన, సన్నటి అందమైన అక్షరాల్లో వెల్గా. ఒక్కసారే. తిన్నగా.

తోమాసా దాన్ని చాలాసేపు చూసింది.

"మీ అమ్మే," అంది. "పోల్చుకున్నాను. సగం కట్ట అచ్చు వెయ్యి."

"సగమేనా?"

"మిగతా కాగితం ఉండనీ."

ముసలిదానికి పిసినారితనం అనుకుంది ఎల్విరా. అసూయేమో అని కూడా అనుకుంది. ఆ వయసులో మనకి తట్టేవి ఈ రెండే.

తల్లి రోడ్డు వైపు ఒక్కసారి తలెత్తితే చాలు, తన ముఖం తానే చూసుకుంటుంది. చూసుకుంటే కత్తెర కింద పడేసి వచ్చేస్తుంది. ఆ పిల్ల మనసులో ఉన్నది అంతే. ఆ ముఖాలు అమ్మకి ఎదురుగా నడుస్తుంటే చూడాలనే మొదటిసారి రోడ్డు మీదికి వెళ్ళింది. కసిమీరో తాత బట్టతల మీద టోపీ చూసి వచ్చింది.

"రేపు నాతో రా," అంది తోమాసా చట్రాన్ని గోడకి ఆనిస్తూ.

"నేను నడవను."

"నడవమని ఎవరన్నారు?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. మట్టిరోడ్డు మొదట్లో వరస అప్పుడే కూడుతోంది. అంతకుముందు వారం షెరీఫు మనుషులు వచ్చి పోస్టర్లు కొట్టిన కర్రలన్నీ లాక్కుపోయారు. నిలబడితే దారికి అడ్డం, కర్ర పట్టుకుంటే ఆయుధం. ఇక వాళ్ళకి మిగిలినవి కాళ్ళూ తలలూ.

తోమాసా సంచీలోంచి ఎల్విరా పోస్టరు ఒకటి తీసింది. మోకాలి మీద పెట్టుకుని, అచ్చు లోపలికి పోయేట్టు మడిచి, పై మూలలు రెండూ కిందికి దింపి, అంచులు ఇటొకటీ అటొకటీ పైకి తిప్పింది. తల మీద పెట్టుకుంది.

ఎల్విరా చెంపలు ఎర్రబడ్డాయి. "మీరు కూడానా!"

"నువ్వు ఇక్కడ ఉండకు. అలా చుట్టూ తిరిగి తోట అవతలికి పో. కాలవ గట్టుంది కదా, గట్టు ఎక్కకు. గట్టు దిగి ఇవతల, కోసేవాళ్ళు ఎంత పల్లంలో ఉంటారో అంత పల్లంలో నిలబడు."

"నిలబడి?"

"కాళ్ళు నొప్పెడితే కూర్చో. కూర్చుంటే ఏమీ కనపడదనుకో."

ఎల్విరా గొణుక్కుంటూ వెళ్ళింది. తోట చుట్టూ తిరిగి కాలవ వైపు చేరేసరికి చెమటలు పట్టాయి. గట్టు దిగి నిలబడింది.

ముందు అంతా ఆకులే కనపడ్డాయి. రోడ్డుకి సమానంగా వరస వెనక వరస, తీగల మీద పాకించిన ద్రాక్ష. మనిషి భుజమెత్తున పచ్చటి గోడలు. వాటి మధ్య వంగిన వీపులు. కోసేవాళ్ళు వంగినప్పుడు ఏమీ చూడరు. నడుం పట్టేసి లేచినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆకుల మీదుగా రోడ్డు వైపు చూస్తారు.

ఆమె కూడా చూసింది. రోడ్డు కనపడలేదు. కాళ్ళు కనపడలేదు. ఛాతీ దగ్గర ఎవరన్నా పోస్టరు పట్టుకుని ఉంటే అదీ ఆకుల వెనకే. ఆకుల పైన తేలుతూ తలలు మాత్రం వెళ్తున్నాయి.

తలలు కూడా కావు. టోపీలు.

కొన్ని టోపీలకి పక్క అంచు ఎర్రగా ఉంది, ఎరుపులో నల్లగా వెల్గా. అవి తోమాసా పాత పోస్టర్లు. వరస రోడ్డు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఇప్పుడు టోపీల రెండోవైపు తోటకి కనపడుతోంది. అటువైపూ ఎర్రటి అంచు. అటువైపూ వెల్గా. తిన్నగా.

తలకిందుల మాట తిన్నగా నడిచిపోతుంటే ఎల్విరా నోరు తెరుచుకుని చూసింది.

తరవాత ఆమె తన టోపీల కోసం వెతికింది. వెతకాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు అవి ఉట్టి తెల్ల కాగితాలు, ఎండలో ఆకాశం రంగులో కలిసిపోయాయి. తిరిగి వచ్చేటప్పుడు అంచు మీద ఏవో సన్నటి గీకుళ్ళు, తలకిందులుగా. చదవడానికి మెడ విరుచుకోవాలి. ద్రాక్ష కోసేవాళ్ళకి మెడ విరుచుకునే తీరిక ఎక్కడిది?

ఎర్రటి అంచు, ఎర్రటి అంచు, ఖాళీ. ఎర్రటి అంచు, ఖాళీ, ఖాళీ. నిండుగా ఉండాల్సిన వరస ఊడిన పళ్ళవరసలా ఉంది.

అప్పుడు చూసింది అమ్మని.

ఐదారు వరసల అవతల హెర్మీనియా నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. ఆకుల మీదుగా రోడ్డు వైపు చూసింది. కాసేపు చూసింది. పక్క వరసలో ఉన్నామెతో అంది.

"సగం మంది పోయినట్టున్నారే."

"పోకేం చేస్తారు, తిండి లేక," అంది పక్కామె.

హెర్మీనియా మళ్ళీ వంగింది.

ఎల్విరా అక్కడ నిలబడలేకపోయింది. వచ్చిన దారినే పరుగెత్తింది. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి వరస నీళ్ళకి ఆగి ఉంది. కసిమీరో తాత చెట్టు నీడలో టోపీ విప్పి మోకాళ్ళ మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేస్తున్నాడు. మధ్యలో తల్లి ముఖం, చెక్కు చెదరకుండా.

"కోపం తగ్గిందా?" అన్నాడు.

"తాతా, అచ్చు పైకి కనపడేట్టు మడవొచ్చుగా. ముఖమన్నా కనపడేది."

"కనపడితే?" తాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తోట మేస్త్రీ పూటకోసారి రోడ్డు దాకా వచ్చి మా చేతుల్లో ఏముందో చూసి పోతున్నాడు. మీ అమ్మ ముఖం వాడి కంటపడిందనుకో, సాయంత్రానికి ఆవిడ పరుపు వీధిలో ఉంటుంది. ఆవిడ ఏమీ చెయ్యకుండానే. నిన్న నువ్వొచ్చి తియ్యండి తియ్యండి అని అరుస్తుంటే నా పై ప్రాణం పైనే పోయింది."

ఎల్విరా ఏదో అనబోయి ఆపుకుంది. ఆ ఆపుకోవడం అచ్చం పోస్టరు మీది ముఖంలాగే ఉంది. తాతకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, మంచివాడు.

తోమాసా కాస్త దూరంలో బోర్లించిన బుట్ట మీద కూర్చుని, వాపు కాళ్ళు చాపుకుని నీళ్ళు తాగుతోంది. తల మీద తెల్ల టోపీ. ఎల్విరా వచ్చి ఎదురుగా నిలబడింది. మాయెస్త్రా ఎలా ఉందని అడగలేదు.

"షెడ్డుకి వెళ్తున్నాను," అంది ఎల్విరా.

"మూతలు జాగ్రత్త."

షెడ్డులో ఎల్విరా తన చట్రాన్ని కడిగింది. అందమైన సన్నటి అక్షరాలు టర్పెంటాయిల్లో కరిగి మురికినీళ్ళయి పోయాయి. కొత్త కాగితం తీసి లావుపాటి అక్షరాలు కత్తిరించింది. పైన ఒకటి. కిందిది కత్తిరించి, ఒక ఉత్త కాగితాన్ని టోపీ మడిచి విప్పి, మళ్ళీ మడిచి విప్పి, ఎటు తిప్పి అంటించాలో చూసుకుంది. అంచు ఎంత మేర పైకి తిరుగుతుందో గోటితో గీత పెట్టుకుంది. ఎర్ర పట్టీ ఆ గీత దాకా, వెంట్రుకవాసి ఎక్కువ లేకుండా.

మిగిలిన సగం కట్ట కాగితం బల్ల కింద ఉంది. దుమ్ము పడకుండా ఎవరో దాని మీద పాత దుప్పటి కప్పి ఉంచారు. ఎవరో ఏమిటి, తోమాసానే.

మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చేసరికి ఎరుపు ఆరుతోంది. ఎల్విరా నల్ల అచ్చు ముందు పెట్టుకుని ఆలోచిస్తోంది.

"ముఖం తీసేస్తాను మాయెస్త్రా."

"ఎందుకు?"

"టోపీ లోపలికి పోతుంది కదా. ఎవరికీ కనపడదు."

"ఎవరి కోసం వేశావు?"

"అమ్మ కోసం."

"మరి ఊరందరికీ ఎందుకు చూపించాలి?"

ఎల్విరా ఆ ముఖం వైపు చూసింది. తరవాత దాన్ని పట్టీల మధ్యకి సరిపోయేలా కాస్త చిన్నది చేసి మళ్ళీ గీసుకుంది. ముక్కు ఈసారి ఇంకా బాగా కుదిరింది. నలుపు లాగుతుంటే ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

సగం ఆరబెట్టారో లేదో, పట్నం నుంచి గడ్డం ఆయన వచ్చాడు. తీగల కింద నడుస్తూ, తల వంచి ఒకటి చదివి, ఆగి, అటూ ఇటూ చూసి ఎల్విరా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు కూడా ఇంతేనా? కింది మాట తిరగబడింది చూసుకోలేదూ?"

"ఆ డబ్బా ఇటివ్వండి," అంది ఎల్విరా.

ఆయన ఇచ్చాడు. గోడ వైపు తిరిగి పీలిక కోసం వెతుక్కుంటున్న తోమాసా భుజాలు ఒకసారి కదిలాయి.

మర్నాడు వరస మొత్తానికి కొత్త టోపీలు. ఎల్విరా కూడా నడిచింది, ముందు కసిమీరో తాత, వెనక తోమాసా. దుమ్ము, ఎండ, కాళ్ళ కింద గులకరాళ్ళు. తోట వైపు చూడకూడదనుకుంది. చూస్తూనే ఉంది. ఆకుల అవతల అప్పుడప్పుడూ ఒక వీపు లేచి, ఒక ముఖం ఇటు తిరిగి, మళ్ళీ మునిగిపోతోంది. ఏది అమ్మో తెలియడం లేదు.

"మాయెస్త్రా, అక్కణ్ణించి కనపడుతోందంటారా?"

"నువ్వేగా చూసొచ్చింది. నన్నడుగుతావేం?"

రోడ్డు చివర వరస వెనక్కి తిరిగింది. మళ్ళీ నడిచారు. మళ్ళీ తిరిగారు. మేస్త్రీ రోడ్డు దాకా వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని, ప్రతి టోపీనీ చదివాడు. ఒకే మాట కాబట్టి తొందరగానే అయిపోయింది. ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వస్తుండగా తోట కొసన ఆకులు కదిలాయి. ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. నుదుటి మీద గుడ్డ, ఒక చేతిలో అన్నం గిన్నె, ఇంకో చేతిలో కత్తెర. రోడ్డుకీ తోటకీ మధ్య కంచె దగ్గర ఆగింది. కత్తెరని కంచె గుంజకి తగిలించింది, అది తోటవాళ్ళది. గిన్నె మాత్రం తెచ్చుకుంది, అది తనది. ఆవిడ వెనకాలే పక్క వరసలో కోసే ఆమె, ఆమె వెనక ఇంకొకరు.

వరస ఆగలేదు, ఆగకూడదు. హెర్మీనియానే వచ్చి కూతురి పక్కన నడక కలిపింది.

"చిక్కిపోయావు," అంది తల్లి. "ఆ ముసల్ది తిండి పెట్టడం లేదా?"

"పెడుతూనే ఉన్నాను," అంది వెనక నుంచి తోమాసా. "తినడానికి నోరు ఖాళీ ఉండాలిగా."

హెర్మీనియా ఒకసారి వెనక్కి తిరిగి ఆమెని ఎగాదిగా చూసింది. నచ్చినట్టే ఉంది.

"నిన్న చూస్తే సగం తలలే ఉన్నాయి," అంది కూతురితో. "అయిపోయిందిలే అనుకున్నాను. నెల దాటినా, ఇవాళ లేచి చూస్తే వరస ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎర్రగా పోతోంది. పోయి, మళ్ళీ ఎర్రగానే తిరిగొస్తోంది." భుజంతో చెమట తుడుచుకుంది. "గదిలో సామాను పెద్దగా ఏం లేదు. పెనం ఒకటి తెచ్చుకుంటే చాలు."

"మన పెనమా?"

"నాకు వేరే పెనం ఉందా? నీ సమ్మెని కాల్చిపెడతా పద."

ఎల్విరాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నవ్వునే రానిచ్చింది.

"ముందు నాకూ ఒక టోపీ తగలెయ్యి. మాడు మండిపోతోంది."

సంచీలోంచి ఎల్విరా పోస్టరు తీసింది. నడుస్తూనే ఛాతీకి ఆనించి మడిచింది, అచ్చు లోపలికి, మూలలు కిందికి, అంచులు పైకి. ఆమె చేతులు ఇప్పుడు చూడకుండానే మడుస్తున్నాయి. అమ్మ తల మీద పెట్టి, కొసలు ముందుకీ వెనక్కీ సర్దింది.

హెర్మీనియా దాన్ని చేత్తో తడుముకుని చూసింది. మడత సందులోంచి ఏవో నల్లటి గీతలు కనపడ్డాయి కాబోలు.

"లోపల ఏదో బొమ్మ ఉన్నట్టుందే?"

ఎల్విరా నోరు తెరిచింది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన ప్రశ్న అది. అమ్మా, అది నువ్వే. కళ్ళ కొసలు చూడు, పెదవులు చూడు.

వెనక్కి చూసింది. తోమాసా వాపు కాళ్ళతో దుమ్ములో నింపాదిగా నడుస్తోంది. ఆమె ముఖంలో ఏమీ లేదు.

ఎల్విరా నోరు మూసుకుంది.

"ఏంటే?" అంది తల్లి.

"ఎండ పోనీ అమ్మా. సాయంత్రం విప్పి చూసుకుందువుగాని."

రోడ్డు చివర వచ్చింది. వరస వెనక్కి తిరిగింది. అమ్మ టోపీ రెండో అంచు తోట వైపు తిరిగింది.

"ముక్కు బాగా కుదిరింది," అంది వెనక నుంచి తోమాసా, ఎవరితోనూ కాదన్నట్టు.